కార్గిల్ జవాను, శ్రీలంక వెళ్లిన జవాను: ఎవరి వెనక ఎవరున్నారు?

1999లో కార్గిల్ కొండలెక్కిన జవాను వెనక దేశమంతా నిలబడింది. టీవీ పెడితే అదే వార్త, ఊరూరా విరాళాలు. ప్రాణాలిచ్చిన 527 మందిని ఏటా జులై 26న తలుచుకుంటాం. హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య పేరు మనవాళ్లకు ఇప్పటికీ గుర్తుంది.

శ్రీలంక సంగతి వేరు. 1987లో మన సైన్యం అక్కడికి శాంతి సేనగా వెళ్తే జాఫ్నా తమిళులు పూలదండలతో ఎదురొచ్చారు. మూడు నెలలు తిరక్కుండానే, ప్రత్యేక తమిళ దేశం కోసం ఆయుధాలు పట్టిన ఎల్‌టీటీఈతో పోరు మొదలైంది. దండలు వేసినవాళ్లే మొహం తిప్పుకున్నారు. తమిళనాడులోనూ వ్యతిరేకత పెరిగింది. 1989లో లంక అధ్యక్షుడు ప్రేమదాస వెళ్లిపొమ్మన్నారు. ఇంక ఎవరి కోసం కాపలా కాస్తున్నట్టు? ఆ ప్రశ్నతోనే జవాను రోజూ గస్తీకి వెళ్లాలి. మందుపాతర ఎక్కడుందో తెలియని టెన్షన్ దానికి అదనం. దాదాపు 1,200 మంది చనిపోయారు, అంటే కార్గిల్‌కు రెట్టింపు పైనే. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసులో దిగితే, స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు.

సేనను పంపిన నిర్ణయం మీద కోపం న్యాయమే కావచ్చు. దాన్ని ఓడ దిగే కుర్రాళ్ల మీద చూపడం మాత్రం అన్యాయం. అక్కడ ప్రాణాలిచ్చి పరమవీర చక్ర పొందిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్ గురించి మన పిల్లలకు ఎందుకు చెప్పం?