సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? షాపువాళ్లు వేసిచ్చిన విండోస్ ఉంచుకోకండి

భీమవరం, పాలకొల్లు వైపు పాత ల్యాప్‌టాప్ కొందామనుకునేవాళ్లు ఇది చదివి కొనండి. షాపు పేరు రాయడం లేదు, ఈ పద్ధతి ఒక్క షాపుదే అని నేననుకోను.

మా బావ రొయ్యల చెరువుల లెక్కలకి, మేత బిల్లులకి, నెట్ బ్యాంకింగ్‌కి ఒకటి తీసుకున్నాడు. సరుకు బానే ఉంది, గీత కూడా లేదు. ఓ రోజు ప్రింటర్ పని చేయట్లేదని షాపుకి ఫోన్ చేస్తే, అక్కడి కుర్రాడు "ఉండండి బాబాయ్, నేను చూస్తా" అన్నాడు. కోడ్ అడగలేదు, ఏదీ నొక్కమనలేదు. స్క్రీన్ మీద బాణం దానంతటదే కదిలింది. ప్రింటర్ బాగైందని బావ సంతోషించాడు కూడా!

నాకు అనుమానమొచ్చి తెరిచి చూశాను. దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్ అనే ప్రోగ్రామ్‌లో మన అనుమతి అక్కర్లేకుండా ఎప్పుడైనా లోపలికొచ్చేలా పాస్‌వర్డ్ పెట్టి ఉంది. విండోస్‌కి దొంగ యాక్టివేటర్ (లైసెన్స్ కొనకుండానే కొన్నట్టు చూపించే ప్రోగ్రామ్) వాడారు. దాన్ని విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ పట్టుకోకుండా సి డ్రైవ్ మొత్తాన్ని ఎక్స్‌క్లూజన్స్‌లో (వెతకకుండా వదిలేసే జాబితాలో) పడేశారు. అంటే అందులోకి ఏ వైరస్ వచ్చినా డిఫెండర్ పట్టించుకోదు. అడిగితే ఓనరు "ఆయ్, అందరికీ ఇలాగే ఇత్తామండి, సర్వీసు తేలిక కదండీ" అన్నాడు. డబ్బులేం పోలేదు. ఆ కుర్రాడు దొంగ అని కూడా అనను. కానీ అందరికీ ఒకే పాస్‌వర్డ్ అయితే, అది పని మానేసి వెళ్లిపోయినవాళ్లకీ తెలిసినట్టే కదా.

అందుకని కొన్నాక బ్యాంకు, జీమెయిల్ ఏదీ తెరవకముందే విండోస్ మళ్లీ వేసుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, ఫైలు మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దించుకోండి. పాత పార్టిషన్లన్నీ (డిస్కులో చేసిన భాగాలు) తీసేసి వేయండి. కంపెనీ నుంచి విండోస్ 10, 11తో వచ్చిన చాలా మెషిన్లలో లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ (హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో) వేస్తే నెట్ కలపగానే యాక్టివేట్ అవుతుంది, పైసా ఖర్చు లేదు.

ప్రాసెసర్ నంబరూ చూడండి. ఐ5 పక్కన 6300 అని ఉంటే ఆరో తరం. ఇంటెల్‌లో విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునేది దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అంతకన్నా పాత మెషిన్‌కి "పదకొండు వేసిస్తాం" అంటే అడ్డదారిలో వేస్తున్నారని అర్థం.

ఎవరికైనా ఖాతాలో డబ్బు పోతే షాపుతో వాదిస్తూ కూర్చోవద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకి ఫోన్ చేయండి. కొనేటప్పుడు బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. రాయమంటే నసిగారా, ఎంత చవకైనా అక్కడ కొనకండి.