ఆచారి వీధిలో పద్నాలుగు ఉంగరాలు

నెల్లూరు ఆచారి వీధిలో అద్దాల తలుపుల నగల దుకాణాలు దాటి పక్క సందులోకి తిరిగితే, మేడమీద ఒక చిన్న పనిశాల ఉంది. బోర్డు లేదు. మెట్ల దగ్గరికి సుత్తి చప్పుడు వినిపిస్తే అదేనని తెలుసుకోవాలి. మా పాఠశాల బాలికల కబడ్డీ జట్టుకు విజేతల ఉంగరాలు అక్కడే చేయించాను.

ఉంగరాల ఆలోచన మా అక్క కొడుకుది. డాలస్‌లో ఉంటాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో సూపర్ బౌల్ అనే ఫైనల్ గెలిచిన జట్టుకు కప్పుతో పాటు ఆటగాళ్లందరికీ పేర్లు చెక్కిన ఉంగరాలు ఇస్తారని ఫోనులో బొమ్మలు చూపించాడు. 1967 జనవరిలో మొదటిసారి గెలిచిన గ్రీన్ బే ప్యాకర్స్ ఉంగరానికి నడుమ ఒకే ఒక్క వజ్రం. ఇప్పటివాటికి వందల్లో ఉంటాయి. నా మనసు పట్టుకున్నది మాత్రం 2017లో గెలిచిన న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ ఉంగరం. ఆ రోజు వాళ్లు 3–28తో వెనకబడి, చివరికి అదనపు సమయంలో 34–28తో గెలిచారు. అందుకే, ఆ 28, 3 గుర్తుండేలా, ఆ ఉంగరంలో సరిగ్గా 283 వజ్రాలు పొదిగించుకున్నారు. ఓడిపోబోయిన క్షణాన్ని దాచుకోకుండా వేలికి తొడుక్కున్నారు!

మా పిల్లలూ సంక్రాంతికి కావలి దగ్గర జరిగిన పోటీల్లో, ఫైనల్ విరామానికి తొమ్మిది పాయింట్లు వెనకబడి, ఒక్క పాయింటుతో గెలిచారు. ఇచ్చిన కప్పు ప్రధానోపాధ్యాయుల గది బీరువాలో ఉంది. పదో తరగతి అయిపోయాక ఆ పిల్లల చేతిలో ఏం మిగులుతుంది? పూర్వ విద్యార్థులు తలా కొంత వేశారు. వెండితో చేయించి బంగారు పూత వేయించాలని అనుకున్నాం.

ముందు ఒక పెద్ద దుకాణానికి వెళ్లాను. పద్నాలుగు ఉంగరాలు, ఒక్కోదానిపై ఒక్కో పేరు అనగానే, ఉన్న నమూనాల్లోంచి ఎంచుకోమన్నారు. అక్కడ బయట కూర్చున్న కాపలాదారే ఈ ఆచారి గారి సంగతి చెప్పాడు.

ఆచారి గారికి అరవై దాటి ఉంటాయి. నడుమ ఎర్ర రాయి, చుట్టూ తొమ్మిది రాళ్లు అని చెప్పగానే, "నవరత్నాల ఉంగరమా టీచరమ్మా?" అన్నారు. కాదండీ, తొమ్మిదీ తెల్లవే ఉండాలి అని, ఫైనల్ సంగతి మొదటినుంచీ చెప్పాను. పని ఆపి విన్నారు. విన్నాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఏ పిల్ల ఏ చేత్తో పట్టు పడుతుంది?"

కొలతలకు పిల్లల్నే తీసుకురమ్మన్నారు. కబడ్డీ ఆడేవాళ్ల వేళ్ల కణుపులు వాచి వాచి లావెక్కుతాయి. కణుపు దాటేలా చేస్తే ఉంగరం వేలి మొదట్లో వదులై తిరుగుతుంది. మా కెప్టెన్ కుడి ఉంగరపు వేలు ఒకసారి విరిగి అతుక్కుంది. ఆయన రెండు చోట్లా కొలిచి, ఎడమ చేతికి మార్చి, లోపలివైపు రెండు చిన్న వెండి బొడిపెలు పెట్టారు. తిరగదు, గుచ్చుకోదు. 1986లో చికాగో బేర్స్ తరఫున గెలిచిన విలియం పెర్రీ వేలికి 25వ కొలత ఉంగరం చేశారట. అక్కడి మగవారికి మామూలుగా 10, 11 సరిపోతుంది. ఎవరి వేలు వారిదే అని ఆచారి గారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

పేర్ల దగ్గర మరీ జాగ్రత్త. కాన్సాస్ సిటీ చీఫ్స్ 2024లో అందుకున్న ఉంగరాల లోపలి వైపు, వాళ్లు ఓడించిన మయామీ జట్టు ర్యాంకు 6కు బదులు 7 అని పడింది. ఆ కథ చెబితే ఆచారి గారు నవ్వలేదు. ప్రతి పిల్ల చేతా తన పేరు తానే కాగితంపై రాయించి, ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని చెక్కారు. ఒక అమ్మాయి పేరులో వత్తు నేను ఇచ్చిన జాబితాలో తప్పు. ఆ పిల్ల చేతిరాత వల్ల బయటపడింది.

జట్టులో పన్నెండు మంది. మిగతా రెండు ఉంగరాలు, మోకాళ్లకు కట్లు కట్టిన మా ఆయాకు, రోజూ చీకటి పడ్డాక పిల్లల్ని ఇళ్ల దగ్గర దింపిన ఆటో డ్రైవరుకు. అమెరికాలో కొన్ని జట్లు కార్యాలయ సిబ్బందికి కూడా ఇస్తాయి గానీ, కొన్నిచోట్ల వాళ్లవి తక్కువ రకంవి. డబ్బు సరిపోక, ఆ రెండూ పల్చగా చేయమని నేనూ అడిగాను. ఆచారి గారు ఒప్పుకోలేదు. పద్నాలుగూ ఒకే అచ్చులో పోసి, ఆ రెండింటికీ మజూరి తీసుకోలేదు. ఆ మాట ఇక్కడ రాయకపోతే నాకు తప్పు.

వెండి ఆ రోజు ధరకు, మజూరి ఉంగరానికి 850 రూపాయలు, పూత వేరు. రాళ్లు బజారులో అమెరికన్ డైమండ్ అని అమ్మేవే. బిల్లులో ఒక్కో ఉంగరం తూకం విడిగా రాసి ఇచ్చారు.

లోపాలూ చెప్పాలి. పది రోజులన్నది పద్దెనిమిది రోజులైంది, ఫోను చేస్తే ఎత్తరు. పాఠశాల వార్షికోత్సవం ముందురోజు సాయంత్రం దాకా నాకు నిద్ర లేదు. ఒక ఉంగరంలో తెల్ల రాయి వారానికే ఊడిపోయింది. తీసుకెళ్తే, ఆ ఒక్కటే బిగించకుండా మిగతా పదమూడూ తెప్పించి ప్రతి రాయినీ పరీక్షించారు. దానికి డబ్బు తీసుకోలేదు. పూత మీద సబ్బు, చెమట పడకూడదన్నారు. ఆటలో ఎటూ ఉంగరం పెట్టుకోనివ్వరు.

వెళ్లేవారు మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి, ఉదయం పూట పోత పని ఉంటే మాట్లాడరు. తేదీ ఉన్న పనైతే నెల ముందే ఇవ్వండి. పేర్లు మాత్రం ఎవరివి వారితోనే రాయించి తీసుకెళ్లండి.