వాటాదారుల ఈ-ఓటింగ్: ఓటు వేయడం తేలికే, ఎండీ జీతం ఎంతో తెలుసుకోవడమే కష్టం

కంపెనీ తీర్మానాలపై వాటాదారులు ఆన్‌లైన్‌లో ఓటు వేయడమే ఈ-ఓటింగ్. డీమ్యాట్ ఖాతాలో (షేర్లు ఎలక్ట్రానిక్ రూపంలో ఉండే ఖాతా) షేర్లున్న ఎవరైనా పైసా ఖర్చు లేకుండా వాడుకోగల సేవ ఇది. అయినా నాకు తెలిసిన మదుపరుల్లో వాడేవాళ్లు చాలా తక్కువ. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. కొన్ని కంపెనీల్లో కొద్దిపాటి షేర్లున్నాయి. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఏజీఎం (వార్షిక సర్వసభ్య సమావేశం) నోటీసులు మెయిల్‌కి రాగానే, పైవాళ్ల జీతాల తీర్మానం ఉందా అని ముందు చూస్తాను.

ఓటు వేసే పద్ధతి వరకు మంచి మార్కులే ఇస్తాను. 2020 డిసెంబర్‌లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన సర్క్యులర్ పుణ్యమా అని, డిపాజిటరీ (మన షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరిచే సంస్థ) సైట్‌లో ఒక్కసారి లాగిన్ అయితే చాలు, మన కంపెనీల ఓటింగ్‌లన్నీ ఒకేచోట కనిపిస్తాయి. ఓటింగ్ నిర్వహించే ఏజెన్సీకో పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకునే బాధ తప్పింది. ఓటింగ్ కనీసం మూడు రోజులు ఉంటుంది. మీటింగ్ ముందురోజు సాయంత్రం 5 గంటలకు ముగుస్తుంది. ఒకసారి వేసిన ఓటు మార్చుకోవడం కుదరదు, అందుకే కన్ఫర్మ్ నొక్కేముందు తీర్మానం నంబరు సరిచూసుకోండి.

అసలు చిక్కు వేరేచోట ఉంది. ఓటు వేసే పేజీలో ‘ఫలానా వారి పునర్నియామకం, పారితోషికం’ అని ఒక్క లైనే ఉంటుంది. ఎంత ఇస్తున్నారో ఉండదు. అది తెలియాలంటే నోటీసు పీడీఎఫ్ తెరిచి, వెనకున్న వివరణ దాకా వెళ్లాలి. నాకు షేర్లున్న ఒక కంపెనీ నోటీసులో బేసిక్ ఒక పేజీలో ఉంటే అలవెన్సులు మరో పేజీలో ఉన్నాయి. జీతంపైన ఇచ్చే కమిషన్ ఎంతన్నది బోర్డు ఇష్టానికి వదిలేశారు. లాభం రాకపోయినా జీతం తగ్గదన్న సంగతి చిట్టచివరి పేరాలో ఉంది. అది చదివి వ్యతిరేకంగా ఓటేశాను. జీతం అంకె తీర్మానం పక్కనే పెట్టాలి. అది లేనంతకాలం ఈ సేవకు ఐదుకి మూడే ఇస్తాను.

నిబంధనలు మాత్రం గట్టిగానే ఉన్నాయి. కంపెనీల చట్టం 197వ సెక్షన్ ప్రకారం లాభాలున్న పబ్లిక్ కంపెనీలో డైరెక్టర్లు, మేనేజర్ అందరి పారితోషికం కలిపి, వాటాదారుల ఆమోదం లేకుండా నికర లాభంలో 11 శాతం దాటకూడదు. ఒకే ఎండీ (మేనేజింగ్ డైరెక్టర్) ఉంటే ఆయనకు 5 శాతం. ఈ 5 శాతం దాటాలంటే ప్రత్యేక తీర్మానం కావాలి, అంటే పోలైన ఓట్లలో కనీసం 75 శాతం అనుకూలంగా రావాలి.

‘నా వంద షేర్లతో ఏమవుతుంది’ అని మా తమ్ముడు అంటుంటాడు. 2021లో ఐషర్ మోటార్స్‌లో ఎండీ సిద్ధార్థ లాల్ పునర్నియామకం, పారితోషికం కోసం పెట్టిన ప్రత్యేక తీర్మానానికి సుమారు 73 శాతం ఓట్లు వచ్చినా ఓడిపోయింది. తర్వాత బోర్డు జీతం పరిమితి తగ్గించి మళ్లీ వాటాదారుల ముందుకు రావాల్సి వచ్చింది. నిజమే, అక్కడ ఫలితాన్ని తేల్చింది పెద్ద సంస్థల ఓట్లే. కానీ అందులో మ్యూచువల్ ఫండ్ల డబ్బు మనదే కదా! సిప్ (ఫండ్‌లో క్రమం తప్పకుండా వాయిదాల్లో పెట్టే పెట్టుబడి) కట్టేవాళ్లు తమ ఫండ్ సంస్థ సైట్‌లో ఓటింగ్ వివరాలు చూడాలి. ఏ తీర్మానానికి ఎలా ఓటేశారో, ఎందుకు వేశారో అక్కడ పెట్టాలని సెబీ నిబంధన ఉంది.

మీటింగ్ అయ్యాక రెండు పనిదినాల్లో ఫలితాలు స్టాక్ ఎక్స్ఛేంజ్ సైట్‌లోకి వస్తాయి. ప్రమోటర్లు (కంపెనీపై పట్టున్నవాళ్లు), సంస్థలు, మిగతా వాటాదారులు అని విడివిడిగా ఉంటాయి. ఆ మూడో వరుసలో ఎన్ని షేర్లు ఓటు దాకా వచ్చాయో మీ కంపెనీకి ఒకసారి చూడండి.