భవానీ ద్వీపమా, సెయింట్ మేరీస్ దీవులా: ఏది మేలు?

కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినవారికి దీవి వింత కాదు. ఏటి నడుమ ఇసుక, ఒండ్రు పేరుకొని తేలిన నేలను మనం లంక అంటాం. కొల్లిపర, కొల్లూరు వైపు లంకల్లో అరటి, పసుపు, కంద పండిస్తూ తరతరాలుగా ఊళ్లకు ఊళ్లే ఉన్నాయి. అయితే పదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి కావలసింది అలాంటిది కాదు. ఎవరూ కాపురముండని దీవి, అదీ చుట్టూ రాళ్లు తేలి అలలు విరిగిపడే దీవి చూడాలని వాడి పట్టు. అందుకు మా ఇంట్లో రెండు పేర్లు చర్చకు వచ్చాయి. ఒకటి విజయవాడ భవానీపురంలోని మా ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగిన పున్నమి ఘాట్‌లో పడవ ఎక్కితే చేరే భవానీ ద్వీపం. రెండోది కర్ణాటకలో ఉడుపి దగ్గర మల్పే తీరానికి ఎదురుగా అరేబియా సముద్రంలో ఉన్న సెయింట్ మేరీస్ దీవులు. నేను ఆ రెండు చోట్లకూ వెళ్లి వచ్చినవాణ్ని కనుక తీర్పు చెప్పే బాధ్యత నా మీదే పడింది.

ముందుగా నేల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ రెండింటికీ అసలు తేడా అక్కడే ఉంది. భవానీ ద్వీపం సుమారు 133 ఎకరాల ఒండ్రు నేల. దాని చుట్టూ కనిపించే నిండు నీరు నదికి సహజంగా ఉండేది కాదు. దిగువన ప్రకాశం బ్యారేజీ ఆపి ఉంచినది. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1957 నాటికి ఈ బ్యారేజీ సిద్ధమైంది. గేట్లు మూసి ఉన్నంతకాలం ద్వీపం ఒడ్డున నీరు చెరువులా కదలకుండా ఉంటుంది. కరకు తీరం అన్న మాటకు ఇక్కడ చోటు లేదు. ఉన్న రాయి అంతా ఎదుటి గట్టున ఇంద్రకీలాద్రి రూపంలో నిలబడి ఉంటుంది. ద్వీపం మీద కాలికి తగిలేది మెత్తని మట్టే. వరద వచ్చిన ప్రతిసారీ ఆ మట్టి అంచు కొంత కోసుకుపోతుంది, మరోచోట కొంత మేటవేస్తుంది.

సెయింట్ మేరీస్ దీవుల్లో ఇసుక చాలా తక్కువ. అక్కడ నాలుగు ప్రధాన దీవులు ఉన్నప్పటికీ యాత్రికుల పడవలు చేరేది కొబ్బరిచెట్లున్న దానికే; దాని పేరు కూడా కోకోనట్ ఐలండే. పడవ దిగగానే కాళ్ల కింద పిండిలా నలిగిన గవ్వలు, ఆల్చిప్పల ముక్కలు కరకరలాడతాయి. పది అడుగులు వేసేసరికి రాతి స్తంభాలు మొదలవుతాయి. ఎవరో ఉలితో చెక్కి పక్కపక్కనే పేర్చినట్లు ఒకదానికొకటి ఆనుకొని నిలిచిన ఈ కంబాలకు కొన్నింటికి ఐదు పలకలు, కొన్నింటికి ఆరు, కొన్నింటికి ఏడు. సుమారు 8.8 కోట్ల ఏళ్ల క్రితం, మడగాస్కర్ ఇంకా మన భూభాగాన్ని పూర్తిగా విడిచిపోని కాలంలో, భూగర్భం నుంచి ఉబికిన లావా చల్లబడుతూ కుంచించుకుపోయి ఇలా పగిలిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ గుర్తించిన జాతీయ భూగర్భ స్మారక చిహ్నాల్లో ఇది ఒకటి.

ఈ పగుళ్ల సంగతి అర్థం కావాలంటే గుంటూరు నల్లరేగడి చేలను ఏప్రిల్ నెలలో చూసినవారికి పాఠ్యపుస్తకం అక్కర్లేదు. తడి ఆరిన కొద్దీ రేగడి కుంచించుకుపోయి, ఐదారు మూలల పెచ్చులుగా నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెల్లో చేతికర్ర దించితే మూరెడు లోతుకు దిగుతుంది. చేలో కుంచించుకుపోవడానికి కారణం తడి ఆరడం, దీవి రాళ్లలో వేడి తగ్గడం. చేలోని నెర్రెలు తొలకరికి పూడుకుపోతాయి, అక్కడివి రాయై మిగిలిపోయాయి. మా అబ్బాయికి మొదట నేను చెప్పింది ఇదే. అది విన్నాక వాడు మల్పే వైపు మరింత మొగ్గాడు. ఆ తప్పు నాదే.

ఇక ఎప్పుడు వెళ్లాలన్నది ఆలోచిస్తే, ఈ రెండు దీవుల తలుపులు మూసేది ఒకే నైరుతి రుతుపవనం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కనుక మల్పే నుంచి పడవలు నడపరు. అదే కాలంలో పశ్చిమ కనుమల మీద, మహాబలేశ్వరం చుట్టుపక్కల కురిసిన వాన కృష్ణలో చేరి ఆలమట్టి, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల దాటుకుంటూ ఇక్కడికి రావడానికి సాధారణంగా ఆగస్టు అవుతుంది. పై జలాశయాలు నిండి బ్యారేజీ గేట్లు ఎత్తారంటే భవానీ ద్వీపానికి పడవలు ఆగిపోతాయి. 2024 సెప్టెంబరు మొదట్లో ఎగువ నుంచి వచ్చిన నీటికి మన వైపు కురిసిన కుండపోత కూడా తోడై, బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. ద్వీపం మునిగింది, కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లకు సమతూకంగా ఉండే బరువు దిమ్మెలైన కౌంటర్‌వెయిట్లను ఢీకొట్టాయి. మేడ మీద నిలబడి ఆ నీటిని చూసినవారెవరూ భవానీ ద్వీపాన్ని పిల్లల ఆటస్థలమని తేలిగ్గా అనరు. మొత్తం మీద మల్పే మూసివేత నెలల లెక్కన ముందే తెలుస్తుంది, ఇక్కడిది వరద చెప్పిన రోజున తెలుస్తుంది. దూరం నుంచి టికెట్లు కొనుక్కొని వెళ్లేవారికి మొదటిదే నయం.

ప్రయాణం, ఖర్చుల లెక్కలో పోటీయే లేదు. భవానీ ద్వీపానికి పడవలో పావుగంట కూడా పట్టదు, పూట తిరక్కుండా ఇల్లు చేరవచ్చు. మల్పేకు మేము బెంగళూరు మీదుగా వెళ్లాం. బెంగళూరు నుంచి ఉడుపికే సుమారు 400 కిలోమీటర్లు. ఎలా చూసినా రానూ పోనూ నాలుగు రోజులు చేతిలో ఉండాలి.

ప్రమాదం విషయంలో మాత్రం దగ్గరిది కదా అని భవానీ ద్వీపానికి ఎక్కువ మార్కులు వేయడం సరికాదు. 2017 నవంబరు 12న, కార్తీకమాసపు ఆదివారం నాడు, భవానీ ద్వీపం నుంచి పవిత్ర సంగమం వైపు వెళ్తున్న పడవ ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర బోల్తాపడి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. నిలకడగా కనిపించే నీరు నమ్మదగ్గదే అనుకోవడం మన వైపు వారికి ఉన్న దురలవాటు. లైఫ్ జాకెట్ ఇస్తే ఫొటో దిగేవరకు వేసుకొని తరువాత ఒళ్లో పెట్టుకునేవారిని నేను ఎన్నోసార్లు చూశాను. సెయింట్ మేరీస్‌లో నీరు మోసం చేయదు, చూడగానే భయం పుడుతుంది. అక్కడ మోసం చేసేది రాయి. అలల తడి, నాచు పట్టిన స్తంభాల అంచులు ఒకవైపు జారుడుగా, మరోవైపు కత్తివాదరగా ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో విహారానికి వచ్చిన విద్యార్థులు ఆ రాళ్ల మీది నుంచి జారి సముద్రంలో పడి మరణించారు. మేము వెళ్లిన రోజున కాపలావారి ఈల ఆగకుండా మోగుతూనే ఉంది. చెప్పులు చేత పట్టుకొని పై రాయి ఎక్కబోయిన నన్ను కూడా ఆ ఈలే కిందికి దింపింది.

మనుషులు కాపురముండని చోట మూడు సంగతులు ముందుగా చూసుకోవాలి: నీడ, తాగునీరు, తిరుగు పడవ. భవానీ ద్వీపంలో చెట్ల నీడ ధారాళంగా ఉంది, నడిచేందుకు చదునైన దారులున్నాయి. డెబ్బై దాటిన మా అమ్మ మోకాళ్ల నొప్పులతోనే అక్కడ గంటసేపు తిరిగి, చెట్టు కింద కూర్చొని ఎదురుగా అమ్మవారి కొండకు దండం పెట్టుకొని వచ్చింది. మల్పే దీవిలో కొబ్బరిచెట్లు ఉన్నా వాటి నీడ మనిషికి చాలదు. పదకొండు దాటితే నల్లరాయి పెనంలా కాలుతుంది. పెద్ద పడవ ఒడ్డుకు ఆనదు గనుక మేము నడినీళ్లలో చిన్న పడవలోకి మారవలసి వచ్చింది. ఊగుతున్న ఆ రెండు పడవల మధ్య అమ్మను దాటించగలనని నేను అనుకోను.

చరిత్ర మీద మక్కువ ఉన్నవారికి మరొక మాట. 1498లో వాస్కో డ గామా సెయింట్ మేరీస్ దీవుల్లో దిగి మేరీ మాత పేరు పెట్టాడని చెప్పుకుంటారు. ఆ ఒక్క కథ కోసం నేనైతే అంత దూరం పోను. ఆ రాళ్ల కోసమైతే పోతాను. దీవి కాకపోయినా పర్వాలేదు, సముద్రపు రాతి ఒడ్డు చాలుననుకుంటే విశాఖ దగ్గర తొట్లకొండ కింద మంగమారిపేట రాతి తోరణం ఉంది. ఆటుపోట్ల వేళ చూసుకొని వెళ్లాలి. బాపట్ల సూర్యలంక అందుకు పనికిరాదు, అక్కడ అంతా ఇసుకే.

కనుక మా ఇంటి వరకు నా తీర్పు రెండు ముక్కలుగా ఉంది. అమ్మతో, చిన్నపిల్లలతో, ఒక పూట సెలవుతో వెళ్లేవారికి భవానీ ద్వీపమే మేలు, అది కూడా వరదలు తగ్గిన కార్తీకం తరువాత. కానీ మా అబ్బాయి అడిగిన దీవి అది కాదని ఒప్పుకోక తప్పదు. వాడు అడిగింది మల్పేలోనే ఉంది, చలికాలంలోనే ఉంది, పొద్దున్నే మొదటి పడవకే ఉంది. సంక్రాంతి సెలవులకు ఇద్దరికీ టికెట్లు చూస్తున్నాను. జారని అడుగున్న బూట్లు వాడికి కొనాలి, నాకూ కొనాలి. రబ్బరు చెప్పులతో ఆ రాళ్ల మీద నిలబడటం ఎలా ఉంటుందో నాకు ఒకసారి తెలిసింది.