ఎర్రతోక డేగ కోసం అడవికి పోనక్కర్లేదు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అక్కావాళ్లింట్లో దిగి, ఎర్రతోక డేగల కోసం న్యూయార్క్ వైపు బాగానే తిరిగాను. ఒక్కరోజే వీలున్నవాళ్లకు నేను చెప్పేది మాన్‌హాటన్‌లోని వాషింగ్టన్ స్క్వేర్ పార్కు.

ఎడిసన్ నుంచి పెన్ స్టేషన్‌కు రైలు, అక్కడ్నుంచి సబ్‌వేలో వెస్ట్ ఫోర్త్ స్ట్రీట్. పార్కుకు టికెట్ లేదు. 2011లో పక్కనున్న న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్ల బాబ్స్ట్ లైబ్రరీ 12వ అంతస్తు కిటికీ గట్టు మీద ఒక జంట గూడు కట్టడంతో ఈ చోటు పేరు మారుమోగింది. వెళ్లగానే డేగ వాలిందేమోనని జడ్సన్ చర్చి మీది సిలువ, చుట్టూ ఉన్న జెండా స్తంభాలు చూడండి. నాకు మాత్రం చెట్టు కింది కొమ్మ మీదే కనిపించింది. కాళ్ల కింద పావురం. అది ఈకలు పీకి వదిలేస్తుంటే, కింద బెంచీ మీద కాఫీ తాగుతున్నవాళ్ల ఒళ్లో పడుతున్నాయి. తినడం అయ్యాక ముక్కును కొమ్మకు అటొకసారి ఇటొకసారి రాసి శుభ్రం చేసుకుంది. అంత దగ్గరకు 400 ఎంఎం లెన్స్ ఎక్కువే అయింది. ఫ్రేములో వెనక కిటికీలు, మెట్లు రానివ్వండి, ఈ పక్షికి అదే అందం. ఎగిరేటప్పుడు షట్టర్ వేగం సెకనులో 1/2000 వంతుకు తగ్గకూడదు.

తోక ఎర్రగా లేదని వదిలేయకండి. మొదటి ఏడాది పిల్లలకు తోక గోధుమరంగులో, అడ్డచారలతో ఉంటుంది. పొట్టకు అడ్డంగా ఉండే ముదురు చారల పట్టీ చూసి గుర్తుపట్టొచ్చు.

సెంట్రల్ పార్కుది పేరు పెద్దది. ఫిఫ్త్ అవెన్యూ 927 నంబరు భవనం మీద పేల్ మేల్ అనే డేగ కట్టుకున్న గూడును 2004 డిసెంబరులో తీసేస్తే, జనం రోడ్డెక్కి ఆ నెలలోనే ఆ చోటు తిరిగి ఇప్పించారు. ఆ కథ నాకు ప్రాణం. కానీ ఫొటోలకు పార్కు మరీ విశాలం, పక్షి దూరం. పిల్లలతో వెళ్లేవాళ్లకు బాగుంటుంది.

గూడు తీరిగ్గా చూడాలంటే కార్నెల్ యూనివర్సిటీ ఉన్న ఇథాకా ఊరు. మాన్‌హాటన్ నుంచి బస్సులో దాదాపు అయిదు గంటలు. కార్నెల్ క్యాంపస్‌లో లైటు స్తంభం మీద బిగ్ రెడ్ అనే ఆడ డేగ సంసారాన్ని 2012 నుంచి లైవ్ కెమెరాలో ప్రపంచమంతా చూస్తోంది. స్తంభం కిందే విద్యార్థులు క్లాసులకు పోతుంటారు! కార్నెల్ వాళ్ల పక్షుల పరిశోధన ల్యాబు ఉన్న సాప్‌సకర్ వుడ్స్ వేరే చోటు, అక్కడ గూడు వెతక్కండి. నేను దిగిన మోటెల్లో గది శుభ్రంగా ఉంది గానీ, ఉందన్న షటిల్ రాలేదు, క్యాబ్ ఖర్చు మీద పడింది. కాబట్టి క్యాంపస్‌కు నడిచిపోయే దూరంలోనే గది తీసుకోండి. మే చివర్లో స్నాతకోత్సవం రోజుల్లో గదుల ధరలు మండిపోతాయి.

గుడ్లు పొదిగేది చూడాలంటే ఏప్రిల్ మొదట్లో, ఆకులు రాకముందే వెళ్లాలి. పిల్లలు ఎగరడం నేర్చుకునేది జూన్‌లో, నేనైతే జూన్‌కే ఓటేస్తాను.