థేమ్స్ బోట్ ట్రిప్: వెస్ట్‌మిన్‌స్టర్ నుంచి బారియర్ దాకా
లండన్ వస్తే ఈ బోట్ తప్పకుండా ఎక్కండి, కానీ ఆటు (నీళ్ళు వెనక్కి తగ్గే) టైమ్ చూసుకుని వెళ్ళండి. సముద్రం పోటు నైరుతి లండన్‌లోని టెడ్డింగ్టన్ దాకా వస్తుంది, లండన్ బ్రిడ్జ్ దగ్గర నీళ్ళు 7 మీటర్ల దాకా లేచి దిగుతాయి, అందుకే ఆటులో వెళ్తే గ్రీనిచ్ ముందు ఒడ్డంతా బయటపడి పాత చెక్క స్తంభాలు, ఇటుక ముక్కలు కూడా కనిపిస్తాయి. 1957లో ఈ నదిలో జీవమే లేదని తేల్చేశారు, ఇప్పుడు సీల్స్ తిరుగుతున్నాయి! మాకు ఒకటి బురద మీద పడుకుని కనిపించింది, మీసాల నిండా తడి మట్టి, బోట్ దగ్గరికొచ్చినా కదల్లేదు. ఇంక 1984లో ఓపెన్ చేసిన థేమ్స్ బారియర్ వరద గేట్లని అంత దగ్గర్నుంచి చూడటం నాకైతే హైలైట్. మైక్ మాత్రం సరిగ్గా వినపడలేదు, అది బాగుచేయాలి. పై డెక్‌లోనే కూర్చోండి, జాకెట్ మర్చిపోకండి, గాలి చంపేస్తుంది.