లొబనోవ్‌స్కీ కట్టిన మూడు జట్లు: 1975, 1986, 1999లో ఏది మేలు?

ఉక్రెయిన్ ఫుట్‌బాల్ కోచ్ వలేరీ లొబనోవ్‌స్కీ పేరెత్తగానే చాలామంది 1999 నాటి డైనమో కీవ్ క్లబ్బు గురించే చెప్తారు. షెవ్‌చెంకో, రెబ్రోవ్ ఉన్న జట్టు, మన తరం టీవీలో చూసిన జట్టు. నేనూ చాలాకాలం అదే అనేవాణ్ణి, కానీ ఆయన కీవ్‌లో మూడు దశాబ్దాల్లో తయారుచేసిన మూడు జట్లనీ పక్కపక్కన పెట్టి చూశాక నా ఓటు 1986కి మారింది.

1975 జట్టుని ఆయన మరో కోచ్ ఓలెగ్ బజిలేవిచ్‌తో కలిసి నడిపారు, కాబట్టి ఆ ఘనతంతా ఒక్కరి ఖాతాలో వేయకూడదు. బాసెల్‌లో ఫెరెన్స్‌వారోష్‌ను 3-0తో ఓడించి, యూరప్ దేశాల కప్ విజేతలు తలపడే కప్ విన్నర్స్ కప్ గెలిచారు, సోవియట్ క్లబ్బుకి యూరప్ స్థాయి కప్పు రావడం అదే మొదటిసారి. తర్వాత సూపర్ కప్‌లో బయెర్న్ మ్యూనిక్‌ను రెండు మ్యాచ్‌లలోనూ ఓడించారు, మొత్తం మూడు గోల్సూ ఫార్వర్డ్ బ్లోఖిన్‌వే. మ్యూనిక్‌లో కొట్టిన గోల్ అయితే అద్భుతం, ఎడమవైపు ఒంటరిగా పరుగెత్తి, చుట్టూ ఉన్న డిఫెండర్లని తప్పించుకుని లోపలికొచ్చి కొట్టాడు. ఆ ఏడాది యూరప్ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ కూడా అతనిదే. నాకు వెలితిగా అనిపించేది కూడా అక్కడే, పెద్ద మ్యాచ్‌లలో భారమంతా ఆ ఒక్కడి కాళ్ళ మీద పడింది. పైగా 1976లో ట్రైనింగ్ మోత తట్టుకోలేక ఆటగాళ్ళు కోచ్‌ల మీద తిరగబడ్డారు.

ఇక 1999. ఈ జట్టంటే నాకు ప్రేమ, జాలి రెండూ ఉన్నాయి. గల్ఫ్‌లో కోచింగ్ చేసి 1997లో ఆయన తిరిగొచ్చేసరికి, రిఫరీకి లంచం ఇవ్వజూపారన్న ఆరోపణతో 1995లో యూరప్ పోటీల నుంచి బయటికి పంపించిన క్లబ్బు అది. అలాంటి జట్టు 1997లోనే బార్సిలోనాను కీవ్‌లో 3-0తో, వాళ్ళ సొంత మైదానంలో 4-0తో కొట్టింది, అక్కడ షెవ్‌చెంకో హ్యాట్రిక్ మొదటి సగంలోనే అయిపోయింది. 1999లో రియల్ మాడ్రిడ్‌ను దాటి చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌కి వచ్చారు, కీవ్‌లో బయెర్న్ మీద 3-1తో ముందుండి కూడా 3-3తో సరిపెట్టుకున్నారు, మ్యూనిక్‌లో 0-1తో ఓడిపోయారు. ఆ వేసవిలోనే షెవ్‌చెంకో మిలాన్‌కి, లుజ్‌నీ ఆర్సెనల్‌కి వెళ్ళిపోయారు. సోవియట్ కాలంలోలాగా ఆటగాళ్ళని ఏళ్ళ తరబడి పట్టి ఉంచడం ఇక కుదిరే పని కాదు, ఇంకో రెండేళ్ళు కలిసి ఆడి ఉంటే కప్పు వచ్చేదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

మరి 1986 ఎందుకు? శాస్త్రవేత్త జెలెన్‌త్సోవ్‌తో కలిసి లొబనోవ్‌స్కీ ఏళ్ళ తరబడి కంప్యూటర్ల మీద, ఓర్పు పరీక్షల మీద చేసిన పని ఈ జట్టులోనే పూర్తిగా పండింది. జర్మన్ కోచ్ రాల్ఫ్ రాంగ్నిక్ 1980లలో తన చిన్న జట్టుతో కీవ్ మీద ఒక ఫ్రెండ్లీ ఆడాడు. వాళ్ళు బంతి చుట్టూ అంతలా ముసురుకుంటుంటే అవతల ఎక్కువమంది దిగారేమోనని, బంతి బయటికి పోయినప్పుడు వాళ్ళని లెక్కపెట్టి చూశానని ఆయనే చెప్పుకున్నాడు! 1986 వరల్డ్ కప్‌కి కొన్ని వారాల ముందు సోవియట్ జట్టు లొబనోవ్‌స్కీ చేతికిస్తే, సగానికి పైగా కీవ్ వాళ్ళనే తీసుకెళ్ళి హంగరీని 6-0తో ఓడించాడు, ఆ పునాది మీదే 1988 యూరో ఫైనల్ దాకా వెళ్ళారు. ఒక లోటు మాత్రం ఒప్పుకోవాలి. 1987 యూరోపియన్ కప్ (ఇప్పటి చాంపియన్స్ లీగ్) సెమీఫైనల్‌లో పోర్టో చేతిలో రెండు మ్యాచ్‌లూ ఓడిపోయారు, రియల్, బార్సిలోనాల స్థాయి జట్లని ఓడించిన రికార్డు 1999 వాళ్ళదే.

అయినా నన్ను కదలనివ్వనిది ఒక గోల్. 1986 మే 2, లియాన్‌లో అట్లెటికో మాడ్రిడ్‌తో కప్ విన్నర్స్ కప్ ఫైనల్, చెర్నోబిల్ పేలి ఆరు రోజులే అయింది, ఆటగాళ్ళ ఇళ్ళన్నీ అక్కడికి వంద కిలోమీటర్ల దూరంలోనే. 85వ నిమిషంలో ఎడమవైపు నుంచి రాత్స్ పరుగెత్తాడు, లోపల బెలానోవ్‌కి ఇచ్చాడు, బెలానోవ్ ఎవ్‌తుషెంకోకి తోశాడు, ఎవ్‌తుషెంకో కనీసం చూడకుండానే కుడివైపుకి వదిలాడు. అక్కడికి బ్లోఖిన్ వస్తాడని అతనికి తెలుసు. 33 ఏళ్ళ బ్లోఖిన్ వచ్చాడు, గోల్‌కీపర్ మీదుగా బంతిని మెల్లగా లేపాడు. వీడియో దొరికితే బ్లోఖిన్‌ని కాదు, ఆ పాస్ ఇచ్చేటప్పుడు ఎవ్‌తుషెంకో తల ఎటు ఉందో చూడండి.